బెంగళూరులో సేల్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టే ముందు

బెంగళూరులో ఇల్లో స్థలమో కొనే తెలుగు కుటుంబాలు రిజిస్ట్రేషన్ రోజు గురించే ఎక్కువగా తాపత్రయపడతాయి. ముహూర్తం చూసుకుంటారు, ఊరి నుంచి పెద్దవాళ్లను పిలిపించుకుంటారు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఫొటోలు, వేలిముద్రలు అయ్యాక మిఠాయి పంచుతారు. అయితే బేరానికి సంబంధించిన అసలు నిర్ణయాలన్నీ అంతకు రెండు మూడు నెలల ముందు, బ్రోకరు ఆఫీసులోనో అమ్మేవారి ఇంటి హాల్లోనో, పాత నమూనాలో పేర్లు మార్చి టైపు చేయించిన అయిదారు పేజీల సేల్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన నాడే జరిగిపోతాయి. ఏ ధరకు, ఎప్పటిలోగా, ఏ పత్రాలతో, ఎవరు మాట తప్పితే ఎవరికి ఎంత నష్టం అన్నవి అక్కడే తేలతాయి. తర్వాత వచ్చే క్రయపత్రం ఆ మాటలను అమలు చేసే కాగితం. కాబట్టి అడ్వాన్సు చెక్కు రాసే ముందు అగ్రిమెంటులోని ఏ వాక్యం వెనుక ఏ చట్టం ఉందో కొంతైనా తెలిసి ఉండాలి.

వివరణ సులువుగా సాగడానికి ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం. మారతహళ్లి దగ్గర పదేళ్ల నాటి రెండు పడకగదుల ఫ్లాటు, ధర 90 లక్షలు, అడ్వాన్సు 9 లక్షలు, గడువు 90 రోజులు. కొనేవారు బ్యాంకు రుణం తీసుకుంటారు; అమ్మేవారికి అదే ఫ్లాటు మీద పాత రుణం ఇంకా కొంత మిగిలి ఉంది. ఈ నగరంలో చేతులు మారే పాత ఫ్లాట్లలో ఇది మామూలుగా కనబడే పరిస్థితే.

అగ్రిమెంటుతో చేతికి వచ్చేది ఏమిటి

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం తనంత తానుగా ఆ ఆస్తిలో ఎలాంటి హక్కునూ కల్పించదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి రిజిస్టరు అయిన దస్తావేజు ద్వారానే కొన్నవారి సొంతమవుతుంది. అంటే మీరు 9 లక్షలు ఇచ్చినా, 85 లక్షలు ఇచ్చినా, క్రయపత్రం రిజిస్టరు అయ్యేదాకా యజమాని అమ్మేవారే. మీకు దక్కేది, ‘మీరు ఒప్పుకున్నట్టు నా పేరున రిజిస్టరు చేయండి’ అని అడిగే హక్కు. ఈ మధ్యలో అమ్మేవారు మరణిస్తే ఫ్లాటు వారి వారసులకు వెళ్తుంది. అయితే ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే ఆ వారసులు కూడా దానికి కట్టుబడాల్సిందే.

అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా మూడూ కలిపి ఇచ్చి ‘ఇది రిజిస్ట్రేషన్‌తో సమానమే’ అని చెప్పేవారు నగర శివార్లలో ఇప్పటికీ ఉన్నారు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇలాంటి బదిలీలతో యాజమాన్యం రాదని స్పష్టంగా చెప్పింది. దీని మీద ఇంకా చర్చ అనవసరం. అలాంటి బేరం నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

ఒప్పందం ఎప్పుడు పుడుతుంది

1872 నాటి ఒప్పందాల చట్టం 10వ సెక్షన్ అడిగేవి కొద్ది విషయాలే: ఒప్పుకునే అర్హత గల మనుషులు, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, న్యాయసమ్మతమైన ప్రతిఫలం, న్యాయసమ్మతమైన ఉద్దేశం. రాతపూర్వకంగానే ఉండాలని ఈ సెక్షన్ అనదు. అందువల్ల నోటిమాటతో కుదిరిన బేరం కూడా సూత్రరీత్యా ఒప్పందమే, రుజువు చేయడమే కష్టం. అమ్మేవారు 90 లక్షలు అన్నప్పుడు మీరు వాట్సాప్‌లో ‘88 అయితే తీసుకుంటాం’ అని పంపితే అది స్వీకృతి కాదు, మీరు చేసిన కొత్త ప్రతిపాదన. దానితో వారి పాత ప్రతిపాదన ముగిసిపోయినట్టే. వారం తర్వాత ‘సరే, 90కే ఇవ్వండి’ అంటే ఒప్పుకోవాల్సిన బాధ్యత వారికి లేదు.

టోకెన్ పేరుతో ఇచ్చే లక్ష, రెండు లక్షల దగ్గరే చాలామంది తొందరపడతారు. ఫోన్‌లో డబ్బు పంపేసి, దాని గురించి ఒక్క వాక్యమైనా రాసుకోరు. పత్రాల పరిశీలనలో లోపం తేలితే ఈ సొమ్ము ఇన్ని రోజుల్లో పూర్తిగా తిరిగి ఇవ్వాలి, అగ్రిమెంటు కుదిరితే ధరలో జమ అవుతుంది అన్న రెండు వాక్యాలు, ఫ్లాటు నంబరుతో, ధరతో, అమ్మేవారి సమ్మతితో రాతలో ఉంటే తర్వాత వచ్చే తగాదాల్లో సగం రావు.

ధర విషయంలో ఒక హెచ్చరిక. 90 లక్షల బేరాన్ని అగ్రిమెంటులో 60గా చూపించి మిగతా 30 నగదుగా ఇమ్మని అడిగితే, పన్ను చట్టాల సంగతి అటుంచినా, మీ ఒప్పందమే బలహీనపడుతుంది. రాతలో ఉన్న షరతును నోటిమాట సాక్ష్యంతో తిరగరాయడానికి సాక్ష్య చట్టం సాధారణంగా ఒప్పుకోదు కాబట్టి, బేరం చెడిన రోజున ఆ 30 లక్షలు ఇచ్చినట్టు నిరూపించుకునే దారి మీకు దాదాపుగా ఉండదు. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, ఆపైన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం విడిగా చెబుతుంది. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే, అమ్మేవారు దేశంలో నివసించేవారైనప్పుడు, కొనేవారు ప్రతి చెల్లింపులోనూ 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ధరలోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మన ఉదాహరణలో 9 లక్షల అడ్వాన్సు ఇచ్చే నాడే 9,000 పట్టుకోవాలి, మొత్తం మీద 90,000. అమ్మేవారు అమెరికాలోనో మరోచోటో స్థిరపడినవారైతే ఈ 1 శాతం లెక్క వర్తించదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ; సంతకానికి ముందే ఆడిటరును అడగాలి.

సంతకం ఎవరు పెడుతున్నారు

మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఫ్లాటులో మైనరు వాటా ఉంటే, హిందూ కుటుంబాల్లో తండ్రి గానీ తల్లి గానీ సహజ సంరక్షకులుగా కోర్టు అనుమతి లేకుండా ఆ వాటాను అమ్మితే, ఆ పిల్లవాడు తర్వాత ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోగలడు. అందువల్ల అసలు యజమాని మరణించి ఆస్తి భార్యాపిల్లలకు వచ్చిన సందర్భాల్లో ‘పిల్లలు చిన్నవాళ్లు, వాళ్ల తరఫున అమ్మ సంతకం పెడుతుంది’ అన్న మాటతో సరిపెట్టుకోకూడదు.

ఉమ్మడి కుటుంబ ఆస్తి విషయంలో కూతుళ్ల వాటా తరచుగా మరుగున పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణతో కూతుళ్లకు పుట్టుకతో హక్కు వచ్చింది. కర్ణాటకలో అటువంటి సవరణ 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి 2005 నాటికి జీవించి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. హోసకోట, దేవనహళ్లి, ఆనేకల్ వైపు పొలాల నుంచి లేఅవుట్లుగా మారిన స్థలాలు కొనేటప్పుడు వంశవృక్షం అడగమని లాయర్లు పట్టుబట్టేది ఇందుకే. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల సంతకాలు క్రయపత్రంలో చూసుకుందాం అనుకోకుండా, అగ్రిమెంటులోనే వారిని పార్టీలుగా చేర్చాలి. చేరనివారిని రిజిస్ట్రేషన్ రోజు రమ్మని అడిగే హక్కు మీకు ఉండదు.

పవర్ ఆఫ్ అటార్నీతో సంతకం పెట్టేవారుంటే, ఆ పత్రంలో అమ్మే అధికారం, అడ్వాన్సు తీసుకునే అధికారం రెండూ విడివిడిగా ఉన్నాయా చూడాలి. విదేశంలో రాసిన పత్రమైతే ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించి ఉండాలి. ఇచ్చినవారు జీవించి ఉన్నారని నేరుగా వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ధారించుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు, ఎందుకంటే ఇచ్చినవారు మరణించడంతోనే సాధారణంగా ఆ అధికారం కూడా ముగుస్తుంది.

తొమ్మిది లక్షలకు ఏ పేరు పెట్టారు

మన ఊళ్లలో బజానా అనీ, పాతకాలంలో సంచకారం అనీ పిలిచే సొమ్ము ఒకటి. ధరలో కొంత భాగాన్ని ముందుగా చెల్లించడం మరొకటి. వాడుకలో రెండింటినీ అడ్వాన్సు అనే అంటాం, కానీ బేరం చెడినప్పుడు వాటి గతి వేరు. సంచకారం మాట నిలబెట్టుకుంటానన్న హామీగా ఇచ్చేది, కొనేవారు తప్పితే పోయేది. ధరలో భాగంగా ఇచ్చిన సొమ్మును, జప్తు షరతు ఏదో రాసినంత మాత్రాన, అమ్మేవారు మింగేయడానికి వీల్లేదు. 2012లో సతీశ్ బత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించి, సంచకారంగా స్పష్టంగా ఇచ్చిన మొత్తాన్ని మాత్రమే జప్తు చేయవచ్చని చెప్పింది. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత పరిహారం రాసుకున్నా, ఆ మొత్తం మించకుండా సమంజసమైనది మాత్రమే దక్కుతుంది. నష్టమే జరగని చోట ఈ సెక్షన్ కింద పరిహారం లేదని 2015లో కైలాశ్ నాథ్ కేసు తీర్పు గుర్తుచేసింది.

ఇక్కడ నా సలహా ఒక్కటే. 9 లక్షలను గంపగుత్తగా ‘అడ్వాన్సు’ అని రాయకుండా, ఉదాహరణకు 2 లక్షలు సంచకారమనీ, కొనేవారు అకారణంగా వెనక్కి తగ్గితే అది మాత్రమే పోతుందనీ, మిగతా 7 లక్షలు ధరలో భాగమనీ, ఏ కారణంతో బేరం ఆగినా ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలనీ రాయించండి. అమ్మేవారి వైపు నుంచి ఆలోచించినా ఇది అన్యాయం కాదు. మూడు నెలలు ఇంకెవరికీ చూపించకుండా ఆపినందుకు వారికి దక్కాల్సింది దక్కుతుంది.

‘అమ్మేవారు తప్పితే అడ్వాన్సుకు రెట్టింపు ఇస్తారు’ అన్న షరతు చూడటానికి కొనేవారికి అనుకూలంగా కనిపిస్తుంది. దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆ రెట్టింపు కూడా 74వ సెక్షన్ కిందికే వస్తుంది కాబట్టి కోర్టు దాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. అంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది: ఆ వాక్యాన్ని చేతకానితనంగా రాస్తే, డబ్బు కట్టి తప్పుకునే వెసులుబాటు అమ్మేవారికి ఇచ్చినట్టు అర్థం చేసుకునే అవకాశం ఉంటుంది. ధరలు పెరుగుతున్న ప్రాంతంలో వారికి అది లాభసాటి కూడా. కాబట్టి ‘రిజిస్టరు చేయించుకునే కొనుగోలుదారు హక్కుకు భంగం లేకుండా’ అన్న మాటను ఆ షరతు ముందు చేర్చాలి.

గడువు, రుణం, షరతులు

స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు తేదీ దాటిన మాత్రాన ఒప్పందం రద్దయిపోదన్నది న్యాయస్థానాలు సాధారణంగా తీసుకునే దృష్టి. అయితే గడువే ప్రాణమని ఇరుపక్షాలూ స్పష్టంగా రాసుకుంటే అది చెల్లుతుంది. రాసుకోకపోయినా సమంజసమైన కాలంలో నెరవేర్చాలని 1992లో చాంద్ రాణీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొనేవారిగా మీరు 90 రోజులు మొదలయ్యే తేదీని సంతకం రోజు నుంచి కాకుండా, అమ్మేవారు ఇవ్వాల్సిన పత్రాలన్నీ ఇచ్చిన రోజు నుంచి లెక్కించేలా రాయించాలి. ఈ-ఖాతా (నగరపాలిక ఇచ్చే ఆన్‌లైన్ ఆస్తి పన్ను రికార్డు) తెచ్చుకోవడానికి వారికే నలభై రోజులు పడితే, మీ బ్యాంకుకు మిగిలేది యాభయ్యే.

బ్యాంకు రుణం రాకపోతే ఏం జరుగుతుందన్నది నమూనా అగ్రిమెంట్లలో చాలావరకు ఉండదు. ఇక్కడ రెండు సంగతులను వేరు చేసి రాయాలి. ఆస్తి పత్రాల్లో లోపం ఉందని బ్యాంకు లాయరు తిప్పి పంపితే మొత్తం సొమ్ము, సంచకారంతో సహా, వెనక్కి రావాలి. కొనేవారి జీతం చాలకో, పాత అప్పుల వల్లో రుణం రాకపోతే ఆ బాధ్యత కొనేవారిది. అప్పుడు సంచకారం పోవడం సబబే. ఈ తేడా రాయకుండా వదిలేస్తే తర్వాత ప్రతి తగాదా ఈ వాక్యం దగ్గరే ఆగుతుంది.

అమ్మేవారి పాత రుణం తీర్చే విధానం కూడా అగ్రిమెంటులోనే ఉండాలి. మిగిలిన మొత్తం ఎంతో బ్యాంకు ఇచ్చిన లేఖ జతచేయించి, ఆ మేరకు మీ చెక్కు నేరుగా ఆ బ్యాంకు పేరున ఇచ్చేలా, అసలు పత్రాలు మీ సమక్షంలో విడుదలయ్యేలా రాయించుకోవాలి.

అమ్మేవారు ఏం చెప్పాలి, మీరు ఏం చూడాలి

ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలు, ఆస్తిలోనివి గానీ హక్కులోనివి గానీ, అమ్మేవారికి తెలిస్తే బయటపెట్టాలి. మామూలు జాగ్రత్తతో కనబడేవి మాత్రం మీరే చూసుకోవాలి. బెంగళూరులో ఆ జాగ్రత్త అంటే కనీసం ఇవి: మన వైపు లింకు డాక్యుమెంట్లు అనేవి, ఇక్కడ మదర్ డీడ్ (ఆస్తి మూల పత్రం) నుంచి మొదలయ్యే గొలుసు, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో తీసిన ఈసీ (ఆస్తి మీద రిజిస్టరు అయిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఖాతా, ఆమోదిత ప్లాను, వ్యవసాయ భూమి మీద లేచిన లేఅవుటైతే డీసీ కన్వర్షన్ ఉత్తర్వు (ఆ భూమిని వ్యవసాయేతర వాడకానికి మారుస్తూ జిల్లా అధికారి ఇచ్చేది). ఈసీలో లావాదేవీలు ఉంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16 వస్తుంది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలో కనబడవని గుర్తుంచుకోవాలి. ఖాతా పన్ను కట్టడానికి ఉద్దేశించిన రికార్డు. సక్రమమైన ఆస్తులకు ఇచ్చే ఏ-ఖాతా ఉన్నంత మాత్రాన యాజమాన్యం రుజువైనట్టు కాదు.

ఫ్లాటులో ఎవరు ఉంటున్నారో వెళ్లి చూడటం కూడా చట్టరీత్యా అవసరమే. ఆస్తి వేరొకరి స్వాధీనంలో ఉంటే వారి హక్కు సంగతి మీకు తెలిసినట్టుగానే చట్టం భావిస్తుంది. ఈ నగరంలో భోగ్యానికి ఇచ్చే అలవాటు ఉంది: నెలవారీ అద్దె లేకుండా లక్షల్లో డిపాజిట్ తీసుకుని రెండు మూడేళ్లు ఇల్లు అప్పగిస్తారు. అలా ఉంటున్నవారి డిపాజిట్ ఎవరు, ఎప్పుడు తిరిగి ఇస్తారో రాయకుండా కొంటే ఆ భారం మీ నెత్తిన పడుతుంది.

ఆస్తి వివరాలు చెప్పే షెడ్యూలు చివరి పేజీలో ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూడకుండానే సంతకం పెడతారు. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే చోటు), సూపర్ బిల్ట్ అప్ ఏరియా (ఉమ్మడి చోట్ల వాటాతో కలిపి), భూమిలో అవిభక్త వాటా, నాలుగు హద్దులు, కార్ పార్కింగ్ నంబరు ఉండాలి. నేను మొదటిసారి ఫ్లాటు కొన్నప్పుడు ‘ఒక కవర్డ్ కార్ పార్కింగ్‌తో సహా’ అని మాత్రమే రాయించాను. చివరికి చూపించింది రెండు స్తంభాల మధ్య స్కూటరు మాత్రమే పట్టే చోటు. అడగడానికి కాగితంలో నంబరు లేదు.

కన్నడ పత్రాల గురించి ఒక మాట. లిపి దగ్గరగా ఉండటం వల్ల, క్రయ, కరారు, స్వాధీన వంటి మాటలు మనకూ తెలిసినవే కావడం వల్ల కూడబలుక్కుని చదివేసి అర్థమైందనుకుంటాం. షరతుల వాక్యాలు అలా అర్థం కావు. తెలిసినవారితో అక్షరం అక్షరం చదివించుకోవాలి, ఎందుకంటే చదవకుండా సంతకం పెట్టానన్న వాదన కోర్టులో సాధారణంగా నిలవదు.

బిల్డరు దగ్గర కొంటే

2016 నాటి రెరా (స్థిరాస్తి రంగ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 1 కోటి 20 లక్షల ఫ్లాటుకు ఆ పరిమితి 12 లక్షలు. చెప్పిన తేదీకి అప్పగించకపోతే 18వ సెక్షన్ కింద తప్పుకుని సొమ్ము వడ్డీతో వెనక్కి అడగవచ్చు, లేదా కొనసాగుతూ ఆలస్యానికి నెలవారీ వడ్డీ అడగవచ్చు. కర్ణాటకలో ఆ రేటు స్టేట్ బ్యాంకు ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు రుణాలకు వాడే కనీస వడ్డీ రేటు) మీద మరో 2 శాతం. నిర్మాణ లోపాలకు అప్పగింత నుంచి 5 ఏళ్ల బాధ్యత ఉంటుంది. ఈ హక్కులను తగ్గించే షరతులు అగ్రిమెంటులో దూర్చారేమో చూసుకోవాలి.

రిజిస్టరు చేయాలా, మాట తప్పితే ఏం చేయాలి

పైన చెప్పిన బిల్డరు సందర్భం తప్ప, కర్ణాటకలో స్వాధీనం ఇవ్వని అగ్రిమెంటును రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు. చేస్తే మాత్రం అది ఈసీలో కనబడుతుంది. తర్వాత ఆ ఫ్లాటు కొనబోయే వేరొకరు ‘నాకు తెలియదు’ అనలేరు. తెలియకుండా, సద్భావంతో, డబ్బిచ్చి కొన్న మూడో మనిషి మీద మీ అగ్రిమెంటు పనిచేయదు కాబట్టి ఈ ప్రయోజనం చిన్నది కాదు. గడువు మూడు నెలలకు మించితే, లేదా పావు వంతుకు పైగా ధర ముందే ఇస్తుంటే, రిజిస్టరు చేయించమనే నేను చెబుతాను. స్వాధీనం కూడా ఇచ్చేస్తే స్టాంపు డ్యూటీ దాదాపు క్రయపత్రంతో సమానంగా పడుతుందని ముందే తెలుసుకోవాలి.

అమ్మేవారు వెనక్కి తగ్గితే, రిజిస్టరు చేయించమని దావా వేయవచ్చు. నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో చేసిన సవరణకు ముందు ఇది న్యాయమూర్తి విచక్షణ మీద ఆధారపడేది. ఆ తర్వాత చట్టం చెప్పిన మినహాయింపులకు లోబడి దక్కాల్సిన ఉపశమనమైంది. అయితే మొదటి నుంచీ సొమ్ముతో సిద్ధంగా ఉన్నారని, కొనడానికి ఇష్టపడుతున్నారని మీరు నిరూపించాలి. అందుకే గడువు ముగియక ముందే రాతపూర్వక నోటీసు పంపడం, రుణ మంజూరు లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రపరచడం ముఖ్యం. గడువు తేదీ నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. తేదీ రాసుకోకపోతే, రిజిస్టరు చేయబోమని వారు నిరాకరించినట్టు మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. దావాలోనే, రిజిస్ట్రేషన్ దక్కకపోతే అడ్వాన్సు వడ్డీతో ఇప్పించమని ప్రత్యామ్నాయంగా కోరాలి. కోరకపోతే కోర్టు తనంత తానుగా ఇవ్వదు. తప్పు మీది కానప్పుడు, చెల్లించిన సొమ్ము మేరకు ఆ ఆస్తి మీద 55వ సెక్షన్ కింద మీకు ఛార్జి, అంటే ఆ సొమ్మును ఆ ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు, కూడా ఉంటుంది.

రాజీగా విడిపోవడమే కుదిరితే, రిజిస్టరు అయిన అగ్రిమెంటును రద్దు పత్రంతో రిజిస్టరు చేసే తీసేయాలి, లేకపోతే అది ఈసీలో ఉండిపోయి అమ్మేవారికి తర్వాతి బేరాలన్నీ చెడతాయి. ఆ సంతకం వారికి ఎంత అవసరమో మీకు తెలుసు కనుక, రద్దు పత్రం మీద వేలిముద్ర వేసే ముందే మీ సొమ్ము డిమాండ్ డ్రాఫ్టుగా చేతిలో ఉండేలా చూసుకోండి.